ముప్పై రెండు జీబీల పెద్దల్లుడు

ఆదివారం పొద్దున ఉగ్గాని బజ్జీ తినేలోపు కంప్యూటర్‌లో కొత్త ర్యామ్ బిగించాలి. తిన్నాక తోడల్లుడు ఈరేష్‌కు ఫోన్ చేసి, ఆ సంగతి మాటల్లో మాటగా చెవిన వేయాలి. ఇదీ ఓబుళేశు పథకం. మొదటి పని భార్య శివలీల కోసం. రెండోది అచ్చంగా తన కోసం.

ఓబుళేశుకు కర్నూలులో బేతంచెర్ల బండల దుకాణం ఉంది. ఏ గదిలో ఏ రంగు బండ పరిస్తే బాగుంటుందో ఇంట్లో కంప్యూటర్ మీద డిజైన్ గీసి చూపించేది శివలీల. ఓర్వకల్లులో కొత్త ఇల్లు కడుతున్న సుబ్బయ్య ఆ మధ్యాహ్నమే డిజైన్ చూడటానికి వస్తానన్నాడు. నచ్చితే ఇల్లంతా వీళ్ళ బండలే. చూపించలేకపోతే నేరుగా ఎదుటి దుకాణానికి పోతాడు. శివలీల గీతను మెచ్చి ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన మొదటి పెద్ద బేరం అది.

పాత ర్యామ్‌తో కంప్యూటర్ మెల్లగా నడిచేది, అయినా నడిచేది. దాని నెమ్మదితనం ఓబుళేశును ఏనాడూ బాధించలేదు. బాధ మొదలైంది శుక్రవారం. అత్త నాగక్కను తీసుకురావడానికి కోడుమూరు పోతే, ఈరేష్ అతని ఎదుటే తన కంప్యూటర్ మీట నొక్కాడు. ఓబుళేశు కుర్చీ లాక్కుని కూర్చునేలోపు అది తెరుచుకుంది.

"పదహారు జీబీ ఏసినాలే అన్నా" అన్నాడు ఈరేష్, కూరలో ఉప్పు వేసినట్టు.

"మా చిన్నల్లుడు శానా తెలివిగల్లోడు" అంది నాగక్క. కర్నూలు బస్టాండు వచ్చేదాకా అదే మాట అంటూనే ఉంది. ఓబుళేశుకు కడుపు భగ్గుమంది. అత్తను ఆటో ఎక్కించి ఇంటికి పంపి, తాను అట్నించి అటే కంప్యూటర్ల షాపుకు పోయి ముప్పై రెండు జీబీ కొన్నాడు. డిజైన్ల పనికి పదహారు చాలని షాపతను చెప్పాడు. చాలడం ఎవరికి కావాలి?

అలా ఇంటికొచ్చిన ర్యామ్ ఆదివారం పొద్దున బల్ల మీద ఉంది. దువ్వెనంత పొడుగున్న రెండు ఆకుపచ్చ పట్టీలు, అంచున కంప్యూటర్ గాడిలో దిగి కరెంటు అందుకునే బంగారు రంగు పళ్ళు.

"మిషన్లోకి పోయే సామాను. బొట్టు గూడ లేకుండా పెడతావా అల్లుడా?" అంది నాగక్క.

"ఈరేష్ పెట్టినాడా?"

"వాడు యాడ పెట్టినాడు!"

ఈరేష్ చేయని పని అని తెలియగానే ఓబుళేశుకు ఎక్కడలేని భక్తి పుట్టింది. నాగక్క గంధం తీసింది. పట్టీ నిండా నల్ల చిప్పులు, కాగితం చీటీలు ఉన్నాయి. బొట్టుకు తగిన జాగాగా బంగారు అంచు ఒక్కటే కనిపించింది. పన్ను పన్నుకూ గంధం, దాని మీద కుంకుమ. శివలీల వంటింట్లో బొరుగులు నానబెడుతోంది కాబట్టి ఆపేవాళ్ళు లేకపోయారు. అల్లుడు పట్టీలు బిగిస్తుండగానే నాగక్క చిన్న కూతురు మహేశ్వరికి ఫోన్ చేసింది.

"మీ బావ ముప్పై రెండు ఏస్తాండాడు. పూజ గూడ చేసినాం!"

ఆ మాట తన నోటితో చెప్పే సుఖాన్ని అత్త లాగేసుకున్నందుకు ఓబుళేశు చిన్నబుచ్చుకున్నాడు. ఆ ఉక్రోషంతోనే మీట నొక్కాడు. ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది. కంప్యూటర్ కుయ్, కుయ్, కుయ్ అంది.

"ఏమంటాండాది?" అంది నాగక్క.

ఓబుళేశు సెల్లులో వీడియో పెట్టుకుని చూశాడు. "ర్యామ్ సరిగా కూర్చోలేదంట."

తీసి గట్టిగా నొక్కాడు. మళ్ళీ కుయ్‌మంది. ఒక్కొక్కటే పెట్టి చూడమంది వీడియో. గాడి మార్చి చూడమంది. అన్నీ చేశాడు. పట్టీ బయటికి వచ్చిన ప్రతిసారీ నాగక్క "మళ్ళా మొదలుపెడతాండావు గదా" అంటూ తాజాగా బొట్టు పెట్టింది. విసుగెత్తి పాత ర్యామ్ పెడితే, నిన్నటిదాకా నడిచిన అదీ కూయడం మొదలుపెట్టింది.

"ఎవని కన్నో తగిలింది" అంది నాగక్క.

"ఎవనిదో ఎందుకు? ఈరేష్‌దే. ముప్పై రెండని ఇప్పుడే గదా తెలిసింది వానికి!"

నాగక్క ఎండుమిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేసింది. ఇల్లంతా ఘాటు. ముగ్గురూ కళ్ళనీళ్ళు పెట్టుకుని దగ్గారు. ఘాటు వచ్చిందంటే దిష్టి తగల్లేదని లెక్క. ఈరేష్ నిర్దోషిగా తేలడం ఓబుళేశుకు కంప్యూటర్ చెడిపోవడం కన్నా ఎక్కువ కష్టంగా తోచింది.

దగ్గుతూ వచ్చిన శివలీల నల్లటి తెర చూసి నిలబడిపోయింది. "నా డిజైన్ అంతా దీంట్లోనే ఉండాది గదయ్యా! ఈరేష్‌కు ఫోన్ చేస్తా."

"వద్దు. వాని చేత బాగుచేయించుకునేదానికన్నా బొగ్గుతో గోడ మీద గీసి చూపిస్తా."

"నీకు వాని మీద మంట. ఆ మంటలో కాలేది నా పని" అంది శివలీల.

ఓబుళేశుకు నిజంగానే సిగ్గేసింది. "సరే, చేయి" అన్నాడు. ఆపైన, "నేను ఇంట్లో లేనని చెప్పు" అన్నాడు.

ఫోన్ ఎత్తింది మహేశ్వరి. ఈరేష్ అప్పటికే బైక్ మీద బయలుదేరాడట, అదీ వీళ్ళింటికే.

"చూసినావా! మనది చెడిపోయిందని వాసన పట్టి, నవ్వేదానికి వస్తాండాడు" అన్నాడు ఓబుళేశు.

ఈరేష్ వచ్చాడు. నవ్వలేదు. బైక్ వెనక కట్టిన గోనెసంచి విప్పాడు. అందులో అతని కంప్యూటర్ ఉంది.

"అన్నా, నువ్వే కాపాడల్ల. ముప్పై రెండు ఏసినోనివి, నీకు తెలియంది ఉండదు. పొద్దున్నుంచి ఒకటే కూత."

ఓబుళేశుకు ప్రాణం లేచొచ్చింది. "ఏం చేసినావప్పా?" అన్నాడు, డాక్టరులా.

"నేనేం చేయలే. మీరు పూజ చేసినారని అత్త చెప్పింది. మేమేం తక్కువని, బాగా నడిచేదాన్ని పీకి..."

మిగతాది చెప్పనక్కర లేకపోయింది. సంచిలోంచి గంధం వాసన గుప్పుమంది. శివలీల రెండు కంప్యూటర్లూ విప్పి, పట్టీల పళ్ళు చూసి, గాడులు చూసి, ఆఖరుకు తల్లివైపు చూసింది. నాగక్కకు పొయ్యి మీద ఏదో గుర్తొచ్చి వంటింట్లోకి పోయింది.

కరోనా కాలం నుంచి బీరువా మీద పడి ఉన్న శానిటైజర్ సీసా, పాత పళ్ళ బ్రష్ తెచ్చింది శివలీల. పట్టీలు, గాడులు తోమి, ఫ్యాను కింద ఆరబెట్టి, కొత్త ర్యామ్ తానే బిగించి మీట నొక్కింది. కంప్యూటర్ కూయలేదు. తెర వెలిగింది. సరిగ్గా అప్పుడే సుబ్బయ్య గడప తొక్కాడు.

"ఏమ్మా, ఇంట్లో హోమం చేస్తాండారా?" అని దగ్గుతూనే కూర్చుని, డిజైన్‌ను అటూ ఇటూ తిప్పించి చూశాడు. "నడిమింట్లో ఈ పువ్వు శానా బాగుండాది. ఇంగ నేను యాడికీ పోను. బండలు దింపించు."

శివలీల కళ్ళు చెమర్చాయి. ఈసారి మిరపకాయల వల్ల కాదు.

"మీ ఆయన ఏం చేస్తాండాడు?" అన్నాడు సుబ్బయ్య.

ఆయన మూల కూర్చుని, భార్య చేతికిచ్చిన బ్రష్‌తో ఈరేష్ ర్యామ్ తోముతున్నాడు. ఇల్లు గట్టెక్కింది. బేరం కుదిరింది. అంతటితో సంతోషించవలసిందే. కానీ కుంకుమ వదిలాక గంధం, గంధం వదిలాక పసుప్పచ్చగా ఇంకో పూత కనబడింది. ఓబుళేశు బ్రష్ ఆగిపోయింది.

"అత్తా!" అని వంటింటివైపు చూసి కేకేశాడు. "చిన్నల్లునిదానికి పసుపు గూడ పెట్టమని చెప్పినావా? నాదానికి ఉత్త గంధం, కుంకుమతోనే సరిపెడితివే!"

"అక్షింతలు గూడ ఉండాయి, మెల్లగా తోమన్నా" అన్నాడు ఈరేష్, కూరలో ఉప్పు వేసినట్టు.