మద్దులగూడెం బోరింగు ప్రభావం

బస్తర్‌లో ఇకమీదట ఏ పండితుడూ కొలతకు అందకుండా తప్పించుకోలేడని మంత్రివర్యులు భోపాల్‌పట్నం బస్టాండు పక్కన షామియానా కింద ప్రకటించారు. పథకం పేరు విద్వాన్ మాపన్ యోజన, అంటే పండితుల్ని కొలిచే పథకం. వడ్లు తూకం వేస్తున్నాం, తునికాకు కట్టలు లెక్కపెడుతున్నాం, విద్వాంసుణ్ణి మాత్రం నోటిమాట మీద నమ్మేస్తున్నాం, ఇదెక్కడి న్యాయమని ఆయన హిందీలో వాపోయారు. జనం చప్పట్లు కొట్టారు. తునికాకు బోనసు సంగతేదో చెబుతారని వచ్చినవాళ్లు కూడా కొట్టారు, ఉపన్యాసం అంత గొప్పగా ఉంది.

కొలిచే పద్ధతి తేలికే. ఒకరు రాసిన పరిశోధనా పత్రాన్ని ఇంకొకరు తమ రాతలో పేరుపెట్టి ప్రస్తావిస్తే అది ఒక సైటేషన్. ఎన్ని సైటేషన్లుంటే అంత విద్వత్తు. రాయ్‌పూర్‌లో ఒక పోర్టల్ ఇరవైనాలుగు గంటలూ కూర్చుని లెక్కపెడుతూ ఉంటుంది. మార్చిలోగా యాభై రాని గెస్ట్ లెక్చరర్లకు కొలువు రెన్యువల్ కాదు.

ఈ మాట చెవిన పడ్డప్పటి నుంచి భోపాల్‌పట్నం కాలేజీలో కెమిస్ట్రీ గెస్ట్ లెక్చరరు ఉమామహేష్‌కి అన్నం సహించలేదు. భార్య కృష్ణకుమారికి ఏడో నెల. ఇంట్లో జీతం అతనిదొక్కటే. పోనీ విద్వత్తు చూద్దామా అంటే, రాసింది ఒకే ఒక్క పత్రం. మద్దులగూడెంలో ఉన్న ఒక్క బోరింగు నీళ్లలోనూ ఫ్లోరైడ్ మితిమీరి ఉందని, అందుకే ఆ ఊరి పిల్లల పళ్లకు గార పట్టి పెద్దల మోకాళ్లు వంగిపోతున్నాయని, వెంటనే వేరే నీళ్లివ్వాలని అందులో తేల్చాడు. పత్రం అచ్చయింది. దాన్ని మొత్తం చదివిన మనిషి, టైపు చేసిన కృష్ణకుమారి ఒక్కతే. సైటేషన్లు సున్నా.

ప్రిన్సిపాల్ రాజేశ్వరరావు గారు కిరండూల్ గని టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగిన ఆంధ్రా మనిషి. ఆపద వస్తే ఆయన బుర్ర పాదరసంలా పనిచేస్తుంది. స్టాఫ్‌నంతా పిలిచి, నాట్లప్పుడు మీ ఊళ్లలో కూలీలు దొరక్కపోతే ఏం చేస్తారని అడిగారు. బదుళ్లకు పోతామని ఉమామహేష్ చెప్పాడు. ఇవాళ వాళ్ల పొలంలో మనం, రేపు మన పొలంలో వాళ్లు.

"మరింకేం? ఆ పనే కాగితం మీద చెయ్యండి" అన్నారాయన.

కాలేజీ కాలేజీ అంతా ఉత్సాహంగా బదుళ్లకు దిగింది. హిందీ మేడమ్ భక్తి కవిత్వం మీద వ్యాసం రాస్తూ, భక్తుడి కన్నీటిలో ఫ్లోరైడ్ ఉండదన్న విషయానికి ఉమామహేష్ పత్రం చూడమంది. పాతకాలపు సైన్యాలు మద్దులగూడెం మీదుగా వెళ్లకపోవడానికి ఆ బోరింగే కారణమై ఉండొచ్చని చరిత్ర సారు ఊహించాడు. బోరింగు అప్పటికి లేదు కదా అని ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఎవరూ చదవలేదు. ఉమామహేష్ కూడా ఊరుకోలేదు. ఆమ్లాలూ క్షారాలూ అనే వ్యాసంలో పీఈటీ గారి కబడ్డీ పత్రాన్ని ఎలాగో ఇరికించి రుణం తీర్చుకున్నాడు.

వారం తిరక్కుండా పోర్టల్ మొత్తం కొట్టేసింది. ఒకే కాలేజీవాళ్లు ఒకరినొకరు మెచ్చుకుంటే అది ఇంటి ముచ్చటట, విద్వత్తు కిందికి రాదట. అందరూ మళ్లీ సున్నాకు చేరారు.

ఆశ వదులుకుని ఉమామహేష్ సుక్మా వైపు ఎరువుల కొట్టులో పని వెతుక్కుంటున్న రోజుల్లోనే విచిత్రం జరిగింది. పోర్టల్‌లో అతని పేరు ఎదుట మూడొందల పైచిలుకు సైటేషన్లు వచ్చిపడ్డాయి. మర్నాటికి ఇంకో నలభై. ఎవరో పొరపాటున వేశారు, రేపు తీసేస్తారని భయపడి, ఆరా తీస్తూ తీస్తూ నీళ్ల పనులు చూసే ఆఫీసుకి వెళ్లాడు.

అక్కడి గుమాస్తా బాబు వీరేందర్ లేచి కుర్చీ వేశాడు. మద్దులగూడెం సర్పంచి రామక్క ఊరందరి చేతా కొత్త బోరు కోసం అర్జీలు పెట్టిస్తోందట. ప్రతి అర్జీకీ జవాబులో ఉమామహేష్ పత్రం పేరు రాస్తున్నారట. నకళ్లు బీజాపూర్‌కి, జగదల్‌పూర్‌కి, రాయ్‌పూర్‌కి పోతాయి. సర్కారు కాగితంలో పేరొస్తే అది ఉత్త సైటేషన్ కాదు, సమాజంపై ప్రభావం. పోర్టల్ దానికి పదింతలు వేస్తుంది.

"మీ పేపరు మాకు దేవుడిచ్చినట్టే సార్" అన్నాడు వీరేందర్ మనస్ఫూర్తిగా. "మునుపు నీళ్లు పరీక్ష చేయిస్తున్నం, జాంచ్ చేస్తున్నం అని రాస్తుంటిమి. జాంచ్ ఏమాయె అని మళ్లొచ్చేటోళ్లు. ఇప్పుడు జాంచ్ అయిపోయింది, ఉమామహేష్ సారు చేసిండు అని రాస్తున్నం. ఫైలు బంద్."

ఉమామహేష్‌కి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఇంటికెళ్లి కృష్ణకుమారితో కొలువు నిలబడ్డదని మాత్రం చెప్పాడు.

బస్తర్‌లోకెల్లా ప్రభావవంతుడైన విద్వాంసుణ్ణి, ప్రభావం పడినచోటే సన్మానించాలని మంత్రివర్యులు ముచ్చటపడ్డారు. మద్దులగూడెంలో వేదిక లేచింది. వేదికకి సీసా నీళ్లు బీజాపూర్ నుంచి వచ్చాయి. శాలువా కప్పుతూ, ఇలాంటి బోరింగు ప్రతి ఊళ్లోనూ ఉంటే మన రాష్ట్రం ప్రపంచ పటంలో ఎక్కడుండేదో ఊహించుకోమన్నారు మంత్రిగారు. ఆ ఊపులోనే ఊరికేం కావాలో అడగమని సర్పంచిని పిలిచారు.

రామక్క కర్ర పట్టుకుని, వంగిన మోకాళ్లతో మెట్లెక్కింది. వేరే నీళ్లు కావాలి, అంతే అంది.

మంత్రిగారి మనసు కరిగింది. "డాక్టర్ సాబ్ ఇక్కడే ఉన్నారు. ఆయన అవసరమంటే ఈ మైకులోనే మంజూరు చేస్తాను" అన్నారు.

మైకు ఉమామహేష్ చేతికొచ్చింది. వెనక నుంచి రాజేశ్వరరావు గారు చెవి దగ్గరికి వంగారు. "కొత్త బోరు పడితే అర్జీలాగుతాయి. అర్జీలాగితే సైటేషన్లాగుతాయి. కొలత ఏటేటా ఉంటుందయ్యా. తర్వాత నీ ఇష్టం."

ముందు వరసలో కృష్ణకుమారి కూర్చుని ఉంది. ఆ పక్కన మద్దులగూడెం పిల్లలు గార పళ్లన్నీ బయటపెట్టి అతన్ని చూసి నవ్వుతున్నారు. ఉమామహేష్ మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఈ విషయం మీద ఇంకా లోతుగా పరిశోధన జరగాలె సార్" అన్నాడు.

చప్పట్లు చాలాసేపు మోగాయి. నిజమైన విద్వాంసుడికి తొందర ఉండదని మంత్రిగారు మెచ్చుకుని జీపెక్కారు.

జనం పల్చబడ్డాక రామక్క కర్ర పొడుచుకుంటూ అతని దగ్గరికి వచ్చింది. శాలువా అంచు తడిమి చూసి, మంచిగుంది బిడ్డా అంది.

"అంటే ఇప్పుడేంది సారూ, మళ్ల అర్జీలు పెట్టాల్నా?"

"పెట్టాలె అక్కా."

"ఎంతమందిమి?"

ఉమామహేష్ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. "ఎంతమందైతే అంత మంచిది" అన్నాడు.

రామక్క ఊరి వైపు తిరిగి, ఇళ్లకు వెళ్లిపోతున్నవాళ్లకు వినపడేట్టు కేకేసింది.

"సారు మనకోసం ఇంకా లోతుకు పోతడంట. అందరు ఏలిముద్రలకు రాండ్రి."