గాజు పెట్టెలో పప్పుల పొడి

ఆ శుక్రవారం పొద్దున అలివేలు అనుకున్నది చాలా చిన్న సంగతి. క్యారియర్ సర్దుకుని భర్త గిరిధర్‌తో అత్తిబెలెలోని తమ కవర్ల ఫ్యాక్టరీకి వెళ్లడం, గుంటూరు నుంచి వస్తున్న గురుమూర్తిగారికి కడుపునిండా వడ్డించడం, ఆయన ఆర్డరు ఇచ్చి వెళితే ఊపిరి పీల్చుకోవడం. గురుమూర్తి ఒక కారప్పొడుల కంపెనీకి కొనుగోళ్ల అధికారి. పొడులు నింపే కవర్లు ఆయన వీళ్ల దగ్గర కొంటే సరే, లేదంటే వచ్చే నెల నుంచి రెండో షిఫ్టు ఎత్తేయక తప్పదు. ఆ షిఫ్టు ఆడవాళ్లందరూ అలివేలుకు పేరుపేరునా తెలుసు.

గిరిధర్ మాత్రం భోజనం కన్నా చరిత్రను నమ్ముకున్నాడు. చిక్కపేటలో ఇంటి వరండాలో కాలితో తొక్కే సీలింగ్ మెషిన్‌తో అతని తండ్రి మొదలుపెట్టిన కంపెనీ అది. ఆయన 1992లో సీలు చేసిన మొట్టమొదటి ప్యాకెట్, అందులో తల్లి జయమ్మ కొట్టిన పప్పుల పొడి, ఇప్పటికీ దేవుడి గూట్లో ఉన్నాయి. ఏటా ఆయుధపూజకు మెషిన్లతోపాటు దానికీ కుంకుమ పెడతారు. గిరిధర్ దాన్ని తెచ్చి ఆఫీసులో గాజు పెట్టెలో నిలబెట్టి, పక్కన ఒక అట్ట పెట్టించాడు: "పదకొండేళ్లుగా తెరవని ప్యాకెట్. పొడి లోపల, గాలి బయట."

గురుమూర్తి అట్ట చదివి తల ఊపి, నేరుగా భోజనానికి కూర్చున్నాడు.

"పొడి ఏదండీ? మొదటి ముద్దలో పొడీ నెయ్యీ లేకపోతే నాకు అన్నం తిన్నట్టే ఉండదు."

అలివేలు గతుక్కుమంది. పొడి సీసా ఇంట్లోనే మరిచిపోయింది. క్యాంటీన్‌లో వంట చేసే అక్కయమ్మ వైపు చూసింది. అక్కయమ్మ చటుక్కున వెళ్లి ఒక గిన్నెలో పొడి తెచ్చి పెట్టింది. గురుమూర్తి నెయ్యి పోసుకుని కలిపి, కళ్లు మూసుకుని మరీ తిన్నాడు.

"యాడ దొరికింది అక్కయమ్మా?" అని అలివేలు మెల్లగా అడిగింది.

"ఆ అద్దాల పెట్టెలో ఉండాది కదమ్మా. కత్తిరించి వాసన చూస్తానే మీ ఇంటి పొడని తెలిసిపోయింది."

అలివేలు చేతిలోని గరిటె ఆగిపోయింది. భర్తకు కళ్లతో సైగ చేసింది. అతను వేరేలా అర్థం చేసుకున్నాడు.

"ఇంకొంచెం వెయ్యి అలివేలూ, సార్ మొహమాటపడుతుండారు."

చేసేది లేక ఆమె అతిథికి అర్థం కాకుండా కన్నడంలో అసలు సంగతి చెప్పింది. గిరిధర్ ఒక్క గెంతులో వచ్చి గురుమూర్తి ముందున్న కంచం లాగేశాడు.

"ఇదేం మర్యాదండీ! భోజనానికి పిలిచి ముద్ద నోటి దగ్గర లాక్కుంటారా?"

"అది... ఆ గాజు పెట్టెలోది సార్."

గురుమూర్తి రెండు చేతులా పొట్ట పట్టుకున్నాడు. "పదకొండేళ్లదా! నాలుక మొద్దుబారుతోందండీ. మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి!"

డ్రైవర్ సుంకన్న వ్యాను తెచ్చాడు. అందులో కూర్చునే చోటు లేదు. ఫ్యాక్టరీ అంతా కలిసి ఆయన్ని కవర్ల రోల్స్ మీదే పడుకోబెట్టింది. డాక్టరు ఫోన్లో, "పొడిలో ఏమేం వేశారు?" అని అడిగాడు. అది జయమ్మకే తెలియాలి. గిరిధర్ తల్లికి ఫోన్ చేశాడు. జయమ్మకు సెల్‌ఫోన్ మీద నమ్మకం లేదు. చిక్కపేట నుంచి అత్తిబెలె దాకా వినబడేలా అరిచింది.

"ఏ పాత పొడప్పా? మొన్న ఆయుధపూజకు నేనే కొట్టి నింపినాను."

"మరి నాయన సీలు చేసిందో?"

"దాన్ని ఆ ఏడే తినేస్తిమి. పాచి పొడి పూజలో పెడతారా ఎవరన్నా? ఏటేటా పైన కొంచెం కత్తిరించి, కొత్త పొడి పోసి, కొవ్వొత్తి సెగకు అంటిస్తా ఉండాను. అందుకే కవరు అంత పొట్టిదైపోయింది. నువ్వేమో చిన్న ప్యాకెట్లతో మొదలుపెడితిమని ఊరంతా చెప్తా తిరుగుతుండావు!"

వ్యానులో గురుమూర్తి లేచి కూర్చున్నాడు. నాలుక మొద్దుబారడం కూడా ఆగిపోయింది. అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు, గిరిధర్ తప్ప. చరిత్రంతా అబద్ధమని తేలాక ఆర్డరెవరిస్తారు?

గురుమూర్తి కవరు తెప్పించుకున్నాడు. వెలుతురుకు పట్టి చూశాడు. గుంజి చూశాడు.

"ఇన్నిసార్లు కోసి, కాల్చి, నింపినా చిరగలేదా! ఆవిడ కొత్త కవరు ఎందుకు తీసుకోలేదమ్మా? మీకు కవర్లకు కరువా?"

"గట్టి కవరును పారేయడానికి మా అత్తమ్మకు చేతులు రావండీ," అంది అలివేలు. సర్దిచెబుదామన్నా ఆమెకు ఇంకేమీ తోచలేదు.

"ఏ అత్తమ్మకీ రావు. పొడి అయిపోయినా కవరు మీద మా పేరు వంటింట్లో ఉండిపోవాలి. నేను వెతుకుతున్నది ఈ కవరేనండీ. ఆర్డరు మీకే. ఆ అట్ట మాత్రం తీసేయండి." వ్యాను దిగి చేతులు కడుక్కున్నాడు. "ఇంతకీ నా కంచమేదీ?"

సాయంత్రం అలివేలు ఇంటికొచ్చి, రెండో షిఫ్టు నిలబడిందనీ, అక్కయమ్మ అందరికీ పాయసం చేసిందనీ, గురుమూర్తిగారు పొడిని పదేపదే మెచ్చుకున్నారనీ పూసగుచ్చినట్టు చెప్పింది.

జయమ్మ అంతా ఓపిగ్గా విని, "అదంతా సరే, నా కవరు ఏడుండాది?" అంది.