కనెక్షన్ మూయడం మర్యాద కాదు

తీసిన కనెక్షన్ మూసేసేవాడంత మర్యాద తెలియని మనిషి మరొకడు ఉండడు. ఈ మాట ఒప్పుకోనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. మిగతావాళ్లు కాస్త దగ్గరికి జరగండి.

అరకులో కంప్యూటరు సేవా కేంద్రం తెరిచిన కొత్తలో, అంటే రెండువేల ఆరు ప్రాంతంలో, దాన్ని నడిపిన ధర్మ అనే మన కొండమనిషి ఈ సత్యం కనిపెట్టాడు. కుల ధ్రువపత్రం కావాలని ఎవరైనా వస్తే ధర్మ తన కంప్యూటరులోంచి విశాఖలోని సర్వర్‌ను అడగాలి. అడిగే దారిని వెబ్ సర్వీసు అంటారట. అడిగేదాన్ని క్లయింట్ అంటారట. సర్వర్ ‘అవును, ఈమె ఫలానా తెగ మనిషే’ అంటే కాగితం బయటికొస్తుంది.

అంతే మరి! తాతలనాటి నుంచీ కొండమీదే ఉన్న మనిషి కొండమనిషా కాదా అన్నది, విశాఖలో ఏసీ గదిలో కూర్చున్న పెట్టెకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

ట్రైనింగ్ ఇచ్చిన పెద్దలు ధర్మకు కనెక్షన్ తీయడం చక్కగా నేర్పారు. మూయడం నేర్పే వేళకు భోజనాలు వచ్చేశాయి.

నేర్పకపోతే ఏం పోయింది? ధర్మది పద్ధతి గల ఊరు. అక్కడ ఒకరింటికి పనిమీద వెళ్తే, పనైపోయింది కదా అని లేచి రాకూడదు. ఇంటాయనే మన చేతిలో ఇంత పొగాకు పెట్టి ‘ఇంక ఎల్లిరా’ అనాలి. అనేదాకా కదలడం ఆ ఇంటిని తక్కువ చేయడమే. ఆ ఊరి భీముడు ఒకసారి రైల్లో టైడా స్టేషనులో దిగాల్సినవాడు, గార్డు దిగమని చెప్పలేదని లైను చివర ఇనప గనుల ఊరు కిరండూల్ దాకా వెళ్లి, ఇనపరాయి గూడ్సు మీద తిరిగొచ్చాడు. మనిషి నల్లబడ్డాడు గానీ పరువు దక్కింది.

మరి సర్వర్ ధర్మతో ఎన్నడైనా ‘వెళ్లిరా’ అందా? అనలేదు. అందుకని అతను ఏ కనెక్షనూ మూయలేదు. పైగా ఒకరికోసం తీసినదాంట్లో మరొకరి సంగతి అడగనూ లేదు. ఊళ్లోని సుక్రు పనిమీద తట్టిన తలుపులోంచి పైడమ్మను తోసేస్తే సుక్రు ముఖం ఏం కావాలి? మనిషికొక సరికొత్త కనెక్షన్. ఏజెన్సీ మనిషికి ఇంతటి గౌరవం ఇంకే ఆఫీసులో జరిగిందో చెప్పండి చూద్దాం!

అలా ఒకటి రెండేళ్లకు కొండంతా విశాఖ సర్వర్‌లో కొలువుదీరింది. గుమ్మం పక్కన సుక్రు గొంగళి పరిచాడు. మూలన పైడమ్మ చోడి అంబలి కాస్తోంది. ఎప్పుడో కాగితం అందుకుని, పెళ్లాడి, పిల్లల్ని కన్నవాళ్లు కూడా అక్కడే బుద్ధిగా కూర్చున్నారు, ఎవరూ లేవమనలేదు కాబట్టి.

ఇలా ఉండగా ఒక శుక్రవారం, సంత రోజున, ముత్యాలమ్మ తన కూతురు రమణిని వెంటబెట్టుకొచ్చింది. రమణికి నర్సింగ్ సీటు వచ్చేలా ఉంది. మర్నాడే విశాఖలో కౌన్సెలింగ్. ధ్రువపత్రం చూపించకపోతే సీటు తర్వాతివాళ్లకు పోతుంది. సాయంత్రం విశాఖ రైలుబండి వచ్చేలోగా కాగితం చేతిలో పడాలి.

ధర్మ రమణి పేరు కొట్టి కనెక్షన్ అడిగాడు. ‘కనెక్షన్లు ఖాళీ లేవు, వేచి ఉండండి’ అని వచ్చింది. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే.

“ఏటంటంది అన్నా?” అంది రమణి.

“లోపల జనం ఉన్నారంట. ఉండమంటంది.”

“ఎవల్రా ఆ జనం? మన గుంటకి బండి దాటిపోనాదంటే ఆల్లొచ్చి సీటిస్తారేటి?” అంది ముత్యాలమ్మ.

ఇంతలో ఫోన్ మోగింది. విశాఖలో సర్వర్‌ను కాపాడే ఇంజనీరు సర్వేశ్వరరావు.

“ఏమయ్యా, అరకు! ఉన్న కనెక్షన్లన్నీ నువ్వే పట్టుకుని కూర్చున్నావు. ఒక్కటైనా మూశావా?”

“మీరు ఎల్లమన్నేదు కదండీ.”

సర్వేశ్వరరావు పిల్లవాడికి పాఠం చెప్పినట్టు అందుకున్నాడు.

“చూడు నాయనా. ఒక్క కనెక్షన్ తీసుకో. అందరి సంగతీ దాంట్లోనే అడుగు. పనయ్యాక మూసెయ్. మధ్యలో లైను పాడైతే దాన్ని పట్టుకుని వేలాడకు, తెంపేసి కొత్తది తీయి. ఇంత బుద్ధి లేకుండా ఎలా పెట్టారయ్యా నిన్ను?”

ధర్మ చెవులు ఎర్రబడ్డాయి. ఒక్కొక్కటే మూయడం మొదలుపెట్టాడు. సంతకొచ్చి అక్కడే నిలబడి చూస్తున్న సుక్రు ఊరుకుంటాడా?

“నా పనిమీద తీసినది నన్నడక్కుండా మూసేత్తన్నావేట్రా?”

“నీ కాయితం అప్పుడే వచ్చీసింది కదా మావా.”

“వచ్చీస్తే? మాటా పలుకూ నేకుండా లేచొచ్చీడమేనా? ఆ విశాపట్నం పెద్దోలు మనల్ని ఏటనుకుంటారు?”

“మరేటనుకోరు. అనాల్సింది ఇప్పుడే అనీసేరు.”

చివరికి చోటు దొరికింది. రమణి కొండపిల్లేనని సర్వర్ ఒప్పుకుంది. ప్రింటరు కాగితాన్ని సగం మింగి, ఆలోచించి, కక్కింది. తనవల్ల ఆలస్యమైందన్న సిగ్గుతో ధర్మ కేంద్రానికి తాళం వేసి తల్లీకూతుళ్లతో పాటు తానూ పరుగెత్తాడు. కదులుతున్న బండిని ముగ్గురూ ఎలాగో పట్టుకున్నారు.

మర్నాడు కౌన్సెలింగ్ హాలు. రమణి పేరు పిలిచారు. కాగితం ఇచ్చింది. గుమస్తా దాని మీది నంబరు కొట్టి, సర్వర్‌ను అడిగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు. ధర్మ వెనక నుంచి తెర మీదికి తొంగిచూశాడు.

‘కనెక్షన్లు ఖాళీ లేవు, వేచి ఉండండి.’

మళ్లీ మనోళ్లేనా అనుకున్నాడు పాపం. కాదు. అతను నిన్ననే అన్నీ మూసి తాళం వేసి వచ్చాడు. ఇవాళ పట్టుకు కూర్చున్నవి ఆ హాల్లోని కంప్యూటర్లే. పొద్దున్నుంచి వందలు తీశారు, ఒక్కటీ మూయలేదు. మర్యాదకు కాదు సుమండీ, గుర్తులేక! సర్వేశ్వరరావు వాళ్లకు ఫోన్ చేశాడా? ఎందుకు చేస్తాడు? పెద్ద ఆఫీసువాళ్లు మూయకపోతే దాని పేరు లోడు ఎక్కువవడం. కొండవాడు మూయకపోతేనే అది బుద్ధి లేకపోవడం.

“సర్వర్ ఏమీ చెప్పట్లేదమ్మా,” అన్నాడు గుమస్తా.

“కాయితం ఇచ్చేను కదండీ,” అంది రమణి.

“కాగితం నిజమో కాదో అదే చెప్పాలి.”

“మా అమ్మ ఇక్కడే ఉందండి. మా ఊరు సెప్తాదండి. నన్నడగండి, నాను సెప్తాను.”

గుమస్తా ఆ పిల్ల వైపు చూడలేదు. తెర వైపు ఇంకోసారి చూసి, తర్వాతి పేరు పిలిచాడు.