నలభై రెండేళ్ళ ముడతలు

ఆ రోజు మాస్టారు దంపతుల కార్యక్రమం చాలా చిన్నది. పదింటికల్లా పాత గవర్నరు బంగళాకు చేరుకోవడం, అక్కడ గైడుగా పనిచేస్తున్న భార్య చెల్లెలి కూతురు మాటలు చెవులారా వినడం, ఒంటిగంటకు ఇల్లు చేరి భోంచేయడం. భోజనం కాగానే మాస్టారు నిద్రపోతారన్నది వేరే అనుకోనక్కర్లేదు. డ్రాయింగు మాస్టారుగా పనిచేసినన్నాళ్ళూ పరీక్ష హాల్లో కాపలా కూర్చోబెట్టిన ప్రతిసారీ ఆయన నిద్రపోయారు. తల ఆనించడానికి ఏదైనా దొరికితే చాలు, మూడో నిమిషంలో గురక వినిపించేది.

ఆయన భార్య తీరు పూర్తిగా వేరు. ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రి వార్డులో పనిచేసి, హెడ్ నర్సుగా రిటైరై నాలుగు నెలలైంది. ఇంటా బయటా అందరికీ ఆమె సిస్టరమ్మే. పొద్దున్నే పెద్ద డాక్టరు రౌండుకు వచ్చేలోగా నలభై మంచాల మీద దుప్పట్లూ ముడత లేకుండా బిగిసి ఉండాలి. వరండాలోంచి ఎవరైనా "సార్ వస్తున్నారు!" అని కేకేస్తే ఆమె చేతులు ఆమెను అడక్కుండానే పని మొదలుపెట్టేవి. రిటైరయ్యాక ఆ చేతులకు ఏమీ తోచక, చుట్టాల ఇళ్ళకు వెళ్ళినప్పుడు వాళ్ళ పక్కలు సర్ది వస్తోంది. కొందరు సంతోషించారు, కొందరు నొచ్చుకున్నారు.

అందుకే ఆ పొద్దున చెల్లెలి కూతురు ఫోన్ చేసి మరీ చెప్పింది.

"పెద్దమ్మా, ఇవాళ డైరెక్టరుగారు వచ్చి నా టూరు చూస్తారు. నచ్చితే ఉద్యోగం పర్మనెంటు. నచ్చకపోతే ఇవాళే ఆఖరు. నీకు దణ్ణం పెడతాను, అక్కడ ఏదీ ముట్టుకోకు!"

"నేనేమన్నా చిన్నపిల్లనటే? చేతులు కట్టుకుని నడుస్తాలే."

సిస్టరమ్మ ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. ఆ పిల్ల చిన్నప్పటినుంచీ ఏ పాత గోడ కనబడినా 'ఇక్కడ ఎవరుండేవాళ్ళు?' అని అడిగి అందరి ప్రాణం తీసేది. రెండు మంచి ఉద్యోగాలు కాదనుకుని ఇందులో చేరింది. ఇది కూడా పోతే వాళ్ళమ్మ ఇక ఇల్లు కదలనివ్వదు.

గుమ్మంలో టిక్కెట్లు చింపుతున్న కాపలాదారు పొట్టిగా, గుండ్రంగా ఉన్నాడు. ఆవలిస్తూ టిక్కెట్లు అందిస్తున్న అతడి కుడి బుగ్గ మీద ఎర్రగా పువ్వు ఆకారంలో మచ్చ కనిపించింది.

"ఏం బాబూ, ఆ దద్దురు ఎన్నాళ్ళనుంచి?" అని సిస్టరమ్మ అడగబోతే మాస్టారు మోచేత్తో పొడిచారు.

పన్నెండుమంది సందర్శకులతో టూరు మొదలైంది. భోజనాల గదిలో ఇరవై నాలుగు కుర్చీల బల్ల, గోడ మీద ఆ బంగళాలో ఉన్న ఆఖరి గవర్నరు నిలువెత్తు చిత్రం. ఆయన ఆరడుగుల మూడంగుళాల పొడవని చెల్లెలి కూతురు చెప్పింది. సిస్టరమ్మ చేతులు కట్టుకునే ఉంది గానీ నోరు కట్టుకోలేదు.

"ఈ చివర అడిగితే ఆ చివర్నుంచి ఉప్పు వచ్చేసరికి కూర చల్లారిపోదటమ్మా?"

అందరూ నవ్వారు. చెల్లెలి కూతురు కూడా నవ్వి, బల్ల కింద గవర్నరు కాలికి అందేలా బిగించిన గంట మీటను చూపించింది. పిల్ల మాట్లాడే తీరు చూసి పెద్దమ్మకు కడుపు నిండిపోయింది.

ఆఖర్న మేడమీద పడకగది. ఇత్తడి స్తంభాలకు కట్టిన ఎర్ర తాడు, తాడుకు అవతల పెద్ద మంచం. దుప్పటి సగం జారి, పక్కంతా నలిగి ఉంది.

"నలభై రెండేళ్ళ కిందట తెల్లవారుజామున గవర్నరుగారికి టెలిగ్రాం వచ్చింది. వెంటనే రాజధానికి రమ్మని. ఆయన లేచి వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. ఆ పక్కను అప్పట్నుంచీ ఎవరూ తాకలేదు. మా డైరెక్టరుగారు ఈ ముడతల మీదే ఒక పుస్తకం రాశారు. అవి ఎడమవైపుకు వాలి ఉండటాన్ని బట్టి ఆయన మనసు ఎంత కలత పడిందో చెప్పొచ్చట."

'చెప్పొచ్చట' అన్న మాట దగ్గర పిల్ల గొంతు కాస్త తగ్గింది. తర్వాత అందర్నీ తోట చూపించడానికి బాల్కనీలోకి తీసుకెళ్ళింది.

సిస్టరమ్మ కదల్లేదు. పక్క చూసి మనిషిని చెప్పడం ఆమెకు వార్డులో అబ్బిన విద్య. నొప్పితో పొర్లినవాళ్ళ పక్క ఒకలా ఉంటుంది, ఇంటిమీద బెంగతో మేలుకున్నవాళ్ళ పక్క ఇంకోలా ఉంటుంది. ఈ పక్కలో కలతేమీ కనబడలేదు. ఎవరో హాయిగా ముడుచుకుని పడుకున్నట్టుంది. ఇదేమిటో దగ్గరగా చూద్దామని చేతులు కట్టుకునే తాడు దాటింది.

సరిగ్గా అప్పుడే కింద మెట్ల దగ్గర్నుంచి కాపలాదారు గావుకేక పెట్టాడు.

"సార్ వస్తున్నారు! సార్ పైకొస్తున్నారు!"

తర్వాత జరిగినదానికీ సిస్టరమ్మ మనసుకూ సంబంధం లేదు. చేతులు వాటంతట అవే విడివడ్డాయి. దుప్పటి ఒక్క దులుపు, మూలలు మడిచి పరుపు కిందికి ఒక్క తోపు, దిండు రెండు చరుపులు. నిమిషన్నరలో నలభై రెండేళ్ళ చరిత్ర ఇస్త్రీ చేసినంత నున్నగా తయారైంది.

బాల్కనీ ఎండకు తాళలేక లోపలికొచ్చిన మాస్టారు నోరు వెళ్ళబెట్టారు.

"ఆ ముడతలేవీ?"

"సర్దేశానండీ," అంది సిస్టరమ్మ. "పిల్ల కొంప ముంచేశాను. ఏదో ఒకటి చెయ్యండి!"

"కంగారుపడకు. గుడ్డ ముడతలు గీయించడం నాకు కొత్తా?"

మాస్టారు తాడు దాటి, కన్ను ఓరగా పెట్టి, చేత్తో ముడతలు దిద్దారు. అవి వరసగా, అందంగా వచ్చాయి.

"కర్టెన్‌లా ఉందండీ."

"చేత్తో వేస్తే ఇంతే. మనిషి పడుకుంటేనే సహజంగా వస్తాయి. ఉండు, ఇలా ఒరిగి అలా లేస్తాను."

ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి ఆ మాటకు ఒప్పుకోకూడదు. భయంలో సిస్టరమ్మకు బుర్ర పనిచేయలేదు. మాస్టారు ఒరిగారు, దిండు మెత్తగా ఉంది. ఆమె తట్టింది, గిల్లింది, చెవిలో పిలిచింది. గురక మొదలైంది.

బాల్కనీలోంచి అందరూ తిరిగొచ్చారు. ముందు నడుస్తున్న చెల్లెలి కూతురు మంచం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అయ్యో, పెద్దాయనకేమైంది?" అందొక ఆవిడ.

"కళ్ళు తిరిగాయి," అని సిస్టరమ్మ గబుక్కున భర్త నాడి పట్టుకుంది.

"కళ్ళు తిరిగితే గురకొస్తుందా?"

"మీకు అర్థం కాలేదండీ," అన్నాడు టోపీ పెట్టుకున్న ఒకాయన. "ఇదీ టూరులో భాగమే. గవర్నరుగారి వేషం! ఇప్పుడు టెలిగ్రాం తెస్తారు చూడండి."

పదీ పన్నెండు ఫోన్లు పైకి లేచాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. దారిలో గదులన్నీ చూసుకుంటూ మెల్లగా పైకొచ్చిన డైరెక్టరుగారు, ఆ చప్పట్ల మధ్య చంకలో తన పుస్తకంతో గదిలో అడుగుపెట్టారు. వెనకే కాపలాదారు.

"అమ్మాయ్, గవర్నరుగారి మంచం మీద ఎవరాయన?"

"మా పెదనాన్నగారు సార్," అంది పిల్ల.

డైరెక్టరుగారు సందర్శకులందర్నీ తోటలోకి పంపించేశారు. తర్వాత మెల్లగా అన్నారు.

"రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

పిల్ల మెడలోని గుర్తింపు కార్డు తీయబోయింది. అది చూసి సిస్టరమ్మకు దుఃఖం, కోపం ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"దాని తప్పు ఇసుమంత కూడా లేదు సార్. పక్క సర్దింది నేను. శిక్షేదో నాకు వెయ్యండి. కానీ ఒక్కమాట. ఈ మంచం మీద పడుకున్నది మీ గవర్నరు కాదు."

"ఏమిటమ్మా మీరనేది?"

"దుప్పటి మడిచేటప్పుడు మూల చూశాను. చాకలి గుర్తుంది, పక్కన పోయిన వారం తేదీ ఉంది. పడుకున్న గుంట దిండు దగ్గర మొదలై మంచం సగంలో అయిపోయింది. ఆరడుగుల మూడంగుళాల మనిషి మోకాళ్ళు ఎక్కడ పెట్టుకున్నాడు? పైగా దిండు గలీబు మీద కుట్టిన పువ్వుంది చూడండి."

సిస్టరమ్మ భర్త తల ఎత్తి, దిండు లాగి చూపించింది. మాస్టారు లేవలేదు. ఎర్ర దారంతో ఉబ్బెత్తుగా కుట్టిన అయిదు రేకుల పువ్వు. అందరి చూపూ కాపలాదారు కుడి బుగ్గ మీదికి వెళ్ళింది. మచ్చ పలచబడింది గానీ అయిదు రేకులూ లెక్కపెట్టొచ్చు.

కాపలాదారు భోరుమన్నాడు.

"బద్ధకంతో కాదు సార్! దుప్పట్లు మురికైతే ఉతికించాలిగా? ఉతికితే ముడతలు పోతాయిగా? చేత్తో వేస్తే కర్టెన్‌లా ఉంటోంది. అందుకని రోజూ పొద్దున ఓ గంట పడుకుని లేస్తున్నాను. పంతొమ్మిదేళ్ళనుంచి ఇదే పని సార్. నా ముందున్నాయనా ఇలాగే చేసేవాడట!"

డైరెక్టరుగారు చంకలోని పుస్తకం తీసి అట్ట మీది ముడతల పక్క ఫొటో చూశారు. కాపలాదారును చూశారు. మళ్ళీ ఫొటో చూశారు. ఎడమవైపుకు వాలిన మనోవ్యథ అంతా ఆయన కళ్ళముందు కుడి పక్కకు తిరిగి పడుకుంది. రెండో ముద్రణ బుధవారం వస్తోంది.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"మనకే సార్," అన్నాడు కాపలాదారు.

"అమ్మాయ్, మీ టూరు చాలా బాగుంది. ఉద్యోగం పర్మనెంటు చేస్తున్నాను."

"మీరు చూడనేలేదు కద సార్," అంది పిల్ల. ఆ తర్వాత కాస్త ధైర్యం తెచ్చుకుంది. "మరి ముడతల గురించి ఏం చెప్పమంటారు?"

"ఇన్నాళ్ళూ చెప్పిందే."

"తెలిశాక దాంతో అబద్ధం చెప్పించకండి!" అంది సిస్టరమ్మ.

"చెప్పన్లే పెద్దమ్మా. 'ఈ పక్క చూస్తే ఎవరు పడుకున్నట్టుంది?' అని వాళ్ళనే అడుగుతాను. చూద్దాం, నీలా ఎవరైనా కనిపెడతారేమో."

డైరెక్టరుగారు కాదనలేకపోయారు. సిస్టరమ్మ పిల్ల మెడలో కార్డు సరిచేసి, ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. అప్పటికి మాస్టారు లేచి కూర్చున్నారు.

"ముడతలు కావాలంటే నేను మళ్ళీ పడుకోనా?" అని ఆశగా అడిగారు.

"వద్దండీ, మీరు గవర్నరుగారంత పొడుగున్నారు. ఫొటోతో కలవదు," అన్నారు డైరెక్టరుగారు.

పదకొండున్నర బ్యాచి అప్పటికే మెట్ల మీద వరసలో నిలబడింది. కాపలాదారు మంచమెక్కి కుడి పక్కకు తిరిగి ముడుచుకున్నాడు. ముడతలు ఫొటోతో సరిచూడటానికి పుస్తకం అట్ట ఎదురుగా పట్టుకుని డైరెక్టరుగారు తలాపున నిలబడ్డారు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి కాపలాదారుకు ఎంతకీ నిద్ర పట్టలేదు.