నా నిరుద్యోగానికి పదికి పది

నిరుద్యోగం సమస్య అని ఎవరన్నారండీ? అంత తీరిక లేని ఉద్యోగం మా ఊళ్ళో ఇంకోటి లేదు! ఈ మాట నేను ఊరికే అనడం లేదు. పదకొండేళ్ళుగా ఆ పనిలోనే ఉన్నాను.

నా పేరు వితోమిర్. సెర్బియాలో మొరావా నది ఒడ్డున ఉన్న మా ఊళ్ళో గొడుగుల ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో, గొడుగు తెరిచి, మూసి, "బాగుంది" అని ముద్ర వేసేవాణ్ణి. ఫ్యాక్టరీ మూతపడింది. కాలేజీ మాత్రం పడలేదు. అందులో సోషియాలజీ చదివేవాళ్ళు చివరి ఏడాది ఒక వర్తమాన సామాజిక సమస్యను పరిశోధించి, స్లైడ్లు వేసి చూపించాలి. లేకపోతే డిగ్రీ లేదు.

ఇక్కడే దేశానికి నా అవసరం పడింది. మిగతా నిరుద్యోగులందరూ జర్మనీ బస్సెక్కేశారు. నేనూ ఎక్కాను. తీరా చూస్తే ఎదురెదురు కిటికీలు రెండూ తెరిచి ఉన్నాయి! ఆ గాలి మధ్య కూర్చుంటే మెడ పట్టేసి, ఆపైన ప్రాణమే పోతుందని మా అమ్మ చెప్పింది. మా సెర్బియాలో ఆ మాట చెప్పని అమ్మ ఉందా? దిగిపోయాను. అలా ఊరు మొత్తానికి ఒకే ఒక్క నిరుద్యోగిగా మిగిలాను.

ఇప్పుడు నా దగ్గరికి రావాలంటే ముందుగా చెప్పి రావాలి మరి! సోమవారం పొద్దున నేను నిరుద్యోగాన్ని. మధ్యాహ్నం జననాల రేటు తగ్గిపోవడాన్ని, ఎందుకంటే నాకు పెళ్ళి కాలేదు. బుధవారం పొగతాగే దురలవాటును. ఒక పిల్ల నన్ను "యువత వలస" కింద రాసుకుంటానంది. "నాకు నలభై తొమ్మిదేళ్ళమ్మా, పైగా నేనెక్కడికీ వెళ్ళలేదు" అన్నాను. "పర్లేదు బాబాయ్, ఒక్క స్లైడే!" అంది.

ఇందులో నాకేం లాభం అంటారా? కాఫీ! మా వైపు ఒకరింటికి ఖాళీ చేతులతో వెళ్ళడం కంటే దొంగతనానికి వెళ్ళడం మర్యాద. వచ్చిన ప్రతివాళ్ళూ తలా ఒక కాఫీ పొడి పొట్లం తెస్తారు. దాన్ని విప్పుకుని తాగేవాడు పిచ్చివాడు. మనం ఇంకొకరింటికి వెళ్ళేటప్పుడు అదే పట్టుకెళ్ళాలి. మూల నొక్కుకుపోయిన పొట్లం ఒకటి నాలుగుసార్లు ఊరంతా తిరిగి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది.

ఈ వసంతంలో కోసానా అనే అమ్మాయి వచ్చింది. మహా శ్రద్ధగల పిల్ల. నేను ఎన్నింటికి లేస్తానో, రోజుకెన్నిసార్లు నిట్టూరుస్తానో అన్నీ రాసుకుంది. "బాబాయ్, ఇంకొంచెం దిగులుగా కూర్చోండి, ఫోటో తీస్తా" అంది. కూర్చున్నాను. శాస్త్రం కోసం ఆ మాత్రం చేయలేనా?

శుక్రవారం ఆమె ప్రెజెంటేషన్ అనగా, మంగళవారం నాకు ఫోన్ వచ్చింది. ఊరి క్రీడా మందిరంలో తాళాలు తీసి వేసే ఉద్యోగం. "రేపటి నుంచి వస్తావా?" అని అడిగారు. అద్దం ముందు నిలబడి, ఇంటి తాళంచెవులన్నీ జేబులో వేసుకుని గలగలలాడించి చూసుకున్నాను. ఎంత బాగుందో ఆ చప్పుడు!

వార్త విని కోసానా పరిగెత్తుకొచ్చింది.

"బాబాయ్, నా కొంప ముంచకండి! మీరు ఉద్యోగంలో చేరిపోతే నా సమస్య ఏమైపోవాలి?"

"తీరిపోతుంది కదమ్మా!"

"తీరిపోతే నేనేం చూపించను? నలభై స్లైడ్లు చేశాను! ఒక్క మూడు రోజులు ఓపిక పట్టండి. శుక్రవారం గడిచాక మీ ఇష్టం, హాయిగా పని చేసుకోండి."

ఆడపిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఏమనగలను? క్రీడా మందిరానికి ఫోన్ చేసి, సోమవారం వస్తానన్నాను.

శుక్రవారం నన్ను వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టారు. ప్రొఫెసర్ నెగోవాంకా గారు కళ్ళు తుడుచుకుని, "మరి పరిష్కారం?" అని అడిగారు. చివరి స్లైడ్ పడింది: "సమాజం మేలుకోవాలి." సమాజం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. పదికి పది!

సోమవారం నేను వెళ్ళేసరికి, తాళంచెవులు మేనేజరు గారి బావమరిది జేబులో గలగలలాడుతున్నాయి.

అయితే నష్టపోయానంటారా? ఆగండి! ఆ ప్రెజెంటేషన్ చూసి కదిలిపోయిన పురపాలక సంఘంవారు నిరుద్యోగ పరిశీలన విభాగం తెరిచారు. కోసానాకి అందులో ఉద్యోగం. ప్రొఫెసర్ గారికి సలహాదారు పదవి. చూశారా, నేనొక్కణ్ణి ఖాళీగా కూర్చుంటే ఇద్దరికి పని దొరికింది! కోసానాని అభినందించడానికి ఆ నొక్కుకుపోయిన పొట్లమే పట్టుకెళ్ళాను.

మొన్న ఆమె ఫారం పట్టుకుని అధికారికంగా మా ఇంటికి వచ్చింది. చేతిలో అదే పొట్లం. ఐదోసారి!

"గత ఏడాదిలో ఏదైనా ఉద్యోగావకాశం వదులుకున్నారా?" అని చదివింది.

"వదులుకున్నాను."

"కారణం?"

నేను నోరు తెరిచేలోపే ఆమె తల వంచుకుని, "వ్యక్తిగత కారణాలు" అని రాసుకుంది.

నేను లేచి ఆ పొట్లం విప్పేశాను. ఇద్దరికీ కాఫీ కాచాను. వాసన ఎప్పుడో పోయింది. అయినా ఆ పిల్ల బాగుందనే చెప్పింది.

పదకొండేళ్ళలో వీళ్ళు నన్ను అడగని ప్రశ్న లేదండీ. నిద్ర పడుతోందా, దేశం మీద నమ్మకం ఉందా, ఒకటి నుంచి ఐదు దాకా నా దిగులెంత, అన్నీ అడిగారు. "రేపటి నుంచి వస్తావా?" అని మాత్రం ఒక్కరే, ఒక్కసారే అడిగారు.

వాళ్ళకి నేను, సోమవారం వస్తానని చెప్పాను.