ఆగిపోయిన ఆడపడుచులు

"ఆగిపోయిన ఆడపడుచులందరికీ శుభవార్త! గుండెకు రక్షణగా ఉచిత మాత్రలు! ఎమ్మెల్యే ఉదయభాస్కర్ గారి స్వహస్తాలతో! రండి, తరలి రండి!"

2002 జూలైలో పాలకొల్లు వీధుల్లో, మైకు కట్టిన ఆటోలోంచి లోవరాజు గొంతు ఖంగుమంది. పార్టీలో ఆ గొంతుకు సాటి లేదు. ముట్లుడిగాక ఆడవాళ్ళకు గుండెజబ్బు ముప్పు పెరుగుతుందనీ, హార్మోను మాత్ర దాన్ని ఆపుతుందనీ ఎమ్మెల్యే గారికి ఎవరో చెప్పారు. ఇంట్లో శ్రీమతి చేత అప్పటికే మింగిస్తున్నారు కూడా. అయితే 'ముట్లు' అన్న మాట మైకులో వినపడితే మహిళాలోకానికి అవమానమని ఆయన మథనపడి, స్వయంగా పెన్ను తీసి, ప్రకటనలో ఆ మాట కొట్టేసి ఉత్త 'ఆగిపోయిన' అని దిద్దారు. స్త్రీజాతి మీద అంత గౌరవం ఈ రోజుల్లో అరుదు.

సభకు ఆడవాళ్ళు విరగబడి వచ్చారు. అందరికన్నా ముందు లోవరాజు తల్లి మాణిక్యాంబ నిలబడి ఉంది.

"నువ్వెందుకొచ్చావే అమ్మా?"

"ఆగిపోయినోళ్ళని రమ్మన్నావు కదరా. నా పింఛను ఆగి మూడు నెలలైంది. నీతో చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది."

వెనకున్న వాళ్ళవీ ఆగిపోయిన పింఛన్లే. లోవరాజు కంగారుగా వెళ్ళి ఆ సంగతి ఎమ్మెల్యే గారి చెవిన వేశాడు.

"జనం వచ్చారా లేదా? అది చూడరా" అన్నారాయన.

అంతలో ప్రభుత్వ డాక్టరు శాంతికుమార్ పేపరు పట్టుకుని వచ్చాడు.

"సార్, ఈ మాత్రల మీద అమెరికాలో పెద్ద పరిశోధన చేశారండి. గుండెపోట్లు తగ్గకపోగా పెరిగాయట, రొమ్ము క్యాన్సరూ పెరుగుతోందని మధ్యలోనే ఆపేశారు. ముట్లుడిగాక వచ్చే ఒంటి ఆవిర్లకైతే మనిషిని పరీక్షించి ఇవ్వొచ్చు గానీ, గుండెకని ఇలా పంచకూడదండి."

"అమెరికా గుండెలు వేరు, గోదారి గుండెలు వేరు డాక్టరు గారూ. అదిగో, ఫొటోగ్రాఫరు వచ్చేశాడు."

పంపిణీ దివ్యంగా జరిగింది. మొదటి అట్ట మాణిక్యాంబకే అందింది.

"ఇవి మింగితే వస్తుందా బాబూ?"

"తప్పకుండా వస్తుందమ్మా!" అన్నారు ఎమ్మెల్యే గారు. ఏమిటి రావాలో అడిగే తీరిక ఆయనకు లేదు.

కారెక్కగానే ఆయన సెల్‌ఫోను తీసి ఇంటికి చేశారు. "ఇదిగో, ఆ గుండె మాత్రలు ఇంక వేసుకోకు. పారెయ్. ఇప్పుడే!"

ముందు సీట్లో ఉన్న లోవరాజు గిరుక్కున వెనక్కి తిరిగాడు. "మా అమ్మకి కూడా ఇచ్చామండి..."

"మీ అమ్మకేంరా, రాయిలాంటి మనిషి!"

లోవరాజు కారు ఆపించి దిగిపోయాడు. తమ ఇంటి సందు మొదట్నించే మైకు లేకుండా అరుస్తూ పరుగెత్తాడు.

"అమ్మా! ఆ మాత్రలు వేసుకోకే!"

మాణిక్యాంబ నీళ్ళ చెంబు దించి మూతి తుడుచుకుంది.

"వేసేసుకున్నానురా. మూడు నెలలది ఆగింది కదా అని, నెలకొకటి లెక్కన మూడు మాత్రలూ ఒక్కసారే మింగేశాను."