క్షీరదాల ప్రభ

సైన్సు టీచరు వాసంతి ఆ ఉదయం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. క్షీరదాల మోడల్‌ను ఆటోలో పెట్టుకుని, పదో తరగతి ఫిర్దౌస్‌ను వెంటబెట్టుకుని, నరసరావుపేటలో జరిగే జిల్లా సైన్సు ప్రదర్శనకు వెళ్ళాలి. నిరుడు ఆ పిల్ల చేసిన అరచేతంత మట్టి బొమ్మను జడ్జీలు చూడకుండానే దాటిపోయారు. పిల్ల ఏడవకుండా బొమ్మను చున్నీలో చుట్టుకుని వెనక్కి తెచ్చుకోవడం వాసంతిని ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది. బడిలో ఫిర్దౌస్‌కు ఇదే ఆఖరి ఏడు. అందుకే ఈసారి తయారీని పిల్ల తండ్రి షాకిర్‌కే అప్పగించి, "జడ్జీలకు దూరం నుంచే కనపడాలి" అని మరీ మరీ చెప్పింది.

షాకిర్ కోటప్పకొండ శివరాత్రి తిరునాళ్ళకు ఆకాశమంత ఎత్తు వెదురు చట్రాలతో ప్రభలు కట్టి లైట్లు అమర్చే మనిషి. అతని లెక్కలో దూరమంటే పక్క ఊరు.

టిఫిన్ వేళకు ఫోన్ మోగింది. "మేడం, ఆటో వద్దు. ట్రాక్టర్ మీద వస్తన్నాం. కరెంటు తీగలు పైకెత్తే గడకర్రలు గూడా తెచ్చినాం."

వాసంతి వీధిలోకి వచ్చి చూసి కొయ్యబారిపోయింది. ట్రాక్టర్ ట్రక్కు మీద రెండంతస్తుల ప్రభ! నడుమ తిమింగలం, గబ్బిలం, గేదె, దూడ. అన్నిటికీ పైన, డైనోసార్ల కాలంలో నిజానికి ఎలుకంతే ఉండిన తొలి క్షీరదం. షాకిర్ దాన్ని గేదెకంటే పెద్దది చేశాడు.

"ఏంది షాకిర్ ఇది!"

"పెద్దోళ్ళని పైన కూర్చోబెట్టాల గదా మేడం. దూరం సంగతంటారా, రొంపిచర్ల నుంచి కనపడకపోతే నన్నడగండి."

వేళ మించిపోతోందని వాసంతి ఫిర్దౌస్‌తో కలిసి ట్రక్కే ఎక్కింది. శివరాత్రి ఇంకా నెల ఉంది. అయితేనేం, ప్రభ కదిలితే పల్నాడులో ఎవరూ పంచాంగం చూడరు. దారిలో డప్పులు కలిశాయి. పైనున్నది వినాయకుడి వాహనమని ఎవరో తేల్చేశారు. ఒక ముసలమ్మ బిందెడు నీళ్ళు వారబోసి, కొబ్బరికాయ కొట్టి, డ్రైవర్ పక్కనే ఎక్కి కూర్చుంది.

ప్రదర్శన జరిగే కాలేజీ గేటులో ప్రభ పట్టలేదు. మబ్బు పట్టిన రోజు కదా, బయటే లైట్లన్నా వేద్దామని షాకిర్ హాల్లోంచి వైరు లాగి స్విచ్చి నొక్కాడు. ఠప్పుమని హాలు ఫ్యూజు ఎగిరిపోయింది. లోపల పిల్లల బొమ్మ అగ్నిపర్వతాలు చల్లారాయి, నీటి పంపులు ఆగాయి, ఫ్యాన్లు నిలిచిపోయాయి. పిల్లలు, టీచర్లు, జడ్జీలు చెమటలు తుడుచుకుంటూ బయటపడ్డారు.

"ఎవరిదమ్మా ఈ ఘనకార్యం?" అన్నారు పెద్ద జడ్జి నరసింహారావు గారు. ఆయన రిటైరైన జువాలజీ లెక్చరరు. "మోడల్ టేబుల్ మీద పట్టాలని రూలుంది. దీన్ని లెక్కలోకి తీసుకోం!"

దూరం నుంచే కనపడాలని వాసంతి అన్న ఒక్క మాట పిల్ల ఆఖరి అవకాశాన్ని మింగేసింది. ఆమె జడ్జి గారిని బతిమాలబోయింది.

ఇంతలో షాకిర్ జనరేటర్ వేశాడు. ప్రభ జిగేలుమంది. గేదె పొదుగు నుంచి దూడ నోటికి తెల్ల బల్బులు పాలలా పారాయి. పైనున్న ఎలుకలాంటి దాని ఎదలో ఎర్ర బల్బు గుండెలా కొట్టుకుంది. ఫిర్దౌస్ ట్రక్కు ఎక్కి ప్రభకు కట్టిన మైకు అందుకుంది.

"ఇది వినాయకుడి ఎలుక కాదండీ, మన పూర్వీకుల్లాంటిది. పగలు డైనోసార్ల భయం, అందుకని రాత్రిళ్ళు తిరిగేది. చలికి ఒంటి నిండా బొచ్చు, లోపల వెచ్చటి నెత్తురు. పిల్లలకు పాలిచ్చి సాకేది. దాని ముందుతరాల దవడ ఎముకల్లో రెండు జరిగి జరిగి మన చెవుల్లోకి చేరినయ్. ఇప్పుడు నా మాట మీరు వింటన్నది వాటితోనే."

జనమంతా చెవులు తడుముకున్నారు.

"పాలిచ్చేదంటన్నావ్. మరి గుడ్లు పెట్టలేదా అమ్మాయ్?" అంది ముసలమ్మ.

"పెట్టే ఉంటదంటారు అవ్వా. గుడ్లూ పెట్టి, పాలూ ఇచ్చి."

"రెండు చాకిర్లూనా! ఆ రాకాసుల మధ్యన ఎట్టా నెగ్గుకొచ్చిందో నా తల్లి!" అని ఆమె ఇంకో కాయ కొట్టింది. ఈసారి వినాయకుడికి కాదు.

నరసింహారావు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఉద్యోగమంతా ఆయన ఇదే పాఠం చెబితే వెనక బెంచీలు నిద్రపోయాయి. ఇవాళ రోడ్డు రోడ్డంతా నోరు తెరుచుకుని వింటోంది. ఆయన వెళ్ళి ట్రక్కును చేత్తో తట్టి చూశారు.

"చదునుగానే ఉంది. దీన్ని టేబుల్ అనడానికి నాకేం అభ్యంతరం లేదు."

ఫిర్దౌస్ రాష్ట్ర ప్రదర్శనకు ఎంపికైంది. వాసంతి ఆ పిల్లను గట్టిగా వాటేసుకుని, నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చేసింది. నరసింహారావు గారు మాత్రం షాకిర్‌ను పక్కకు పిలిచి ఒకే ఒక్క షరతు పెట్టారు. ఈసారి మోడల్ బస్సులో పట్టాలి.

షాకిర్ బాగా ఆలోచించి అడిగాడు. "సీట్లున్న బస్సా సార్, తీసేసిన బస్సా?"